మెహ్ఫిల్‌లో ఇఖ్వాన్ సరే, మేమెక్కడ కూర్చోవాలి?



మన ఇళ్లలో మగవాళ్లు ఖవ్వాలీ గురించి మాట్లాడుకుంటే ఒక మాట తప్పకుండా వస్తుంది. "రికార్డింగులో ఏముంది? అందులో రూహ్ ఉండదు. ఖవ్వాలీ అంటే ఉర్స్ రాత్రి, దర్గా సహన్‌లో కూర్చుని, ఖవ్వాల్ మొహం చూస్తూ వినాలి." మా అబ్బా ఇదే అనేవారు. మా పెద్ద మామూ ఇదే అనేవారు. ఇప్పుడు మా ఇంటాయన అంటున్నారు, పక్కన మా మరిది తల ఊపుతున్నాడు. నాకు రికార్డింగే ఇష్టమని నేనంటే, దీనికి జౌఖ్ లేదు పాపం అన్నట్టు చూస్తారు. బిర్యానీ పెడితే పులిహోర అడిగినట్టు.

సంగీతం జాయిజా నాజాయిజా అనే బహస్ ఇక్కడ మొదలుపెట్టడం లేదు. దాని మీద ఉలమాలలో శతాబ్దాలుగా ఇఖ్తిలాఫ్ ఉంది. వినకూడదనుకునేవాళ్ల మీద నాకు ఇజ్జత్ ఉంది. నేను రాస్తున్నది ఖవ్వాలీ వినే ఇళ్ల గురించి. మనలో చాలా ఇళ్లు అలాంటివే.

మగవాళ్లు చెప్పేదాంట్లో సచ్చాయీ ఉంది. ముందు అది ఒప్పుకోవాలి.

ఖవ్వాలీ అనేది పాడేవాడు ఒక్కడే తయారుచేసే వస్తువు కాదు. ఖవ్వాల్ హార్మోనియం మీద నగ్మా వాయించి, ఒక షేర్ ఎత్తుకుని, ఒక మిస్రా అని, ఆగి చూస్తాడు. ఎవరి తల ఊగింది? ఎవరి కళ్లు చెమ్మగిల్లాయి? ఎవరు "వాహ్" అన్నారు? ఎవరికి ఆ మిస్రా తగిలిందో చూసుకుని దాన్నే మళ్లీ అందుకుంటాడు. వెనక హమ్‌నవా చప్పట్లతో దాన్నే తిప్పుతారు. ఒకసారి ఒక మాట మీద బరువు, ఇంకోసారి పక్క మాట మీద. దీన్నే తక్రార్ అంటారు. మన తెలుగులో తకరారు అంటే గొడవ. ఖవ్వాలీలో తక్రార్ అంటే అడిగినవాడి కోసం మళ్లీ మళ్లీ పాడటం. మధ్యలో ఇంకో షాయర్ షేర్ తెచ్చి అతికితే అది గిరహ్. ఏ గిరహ్ వేయాలన్నది కూడా ఎదురుగా కూర్చున్నవాళ్లను బట్టే. చదువుకున్న బుజుర్గులు ఉంటే ఫార్సీ, మామూలు జనం ఉంటే హిందవీ.

ఢిల్లీలో హజ్రత్ ఖుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ (రహ్మతుల్లాహ్ అలైహ్) 1235లో సమా మెహ్ఫిల్‌లోనే హాల్ వచ్చి విసాల్ అయ్యారు. ఒకే ఒక్క షేర్ ఆయనకు తగిలింది. ఖవ్వాల్‌లు ఆ షేర్‌నే నాలుగు రోజుల పాటు ఆయన కోసం మళ్లీ మళ్లీ పాడారని రివాయత్. ఏ రికార్డు ఆ పని చేయగలదు? ఏదీ చేయలేదు.

ఇమామ్ గజాలీ 'ఇహ్యా'లో సమా గురించి రాస్తూ జునైద్ బగ్దాదీ పేరు మీద ఒక మాట చెబుతారు. సమాకు మూడు కావాలి: జమాన్, మకాన్, ఇఖ్వాన్. సరైన వేళ, సరైన చోటు, సరైన తోటివాళ్లు. మా పెద్ద మామూ ఈ మాటను ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. మూడు వేళ్లు చూపించి మరీ చెప్పేవారు.

నేను ఆ మూడో వేలు దగ్గరే ఆగిపోతాను. ఇఖ్వాన్ అంటే అరబ్బీలో అన్నదమ్ములు. కితాబులో దాని అర్థం దారిలో తోడు నడిచేవాళ్లని, ఒకే మనసున్నవాళ్లని నాకు తెలుసు. కానీ మా ఊళ్లో దాన్ని అక్షరాలా అన్నదమ్ములు అనే పాటించారు.

మా వైపు ఉర్స్ ఎలా ఉంటుందో చెబుతాను, మీ వైపూ ఇంచుమించు అంతే అయ్యుంటుంది. గంధం ఊరేగింపు వచ్చి, ఫాతిహా అయ్యాక, రాత్రి పదకొండు దాటాక ఖవ్వాల్ పార్టీ కూర్చుంటుంది. ముందు సజ్జాదా నషీన్, పక్కన పెద్దలు, వెనక మగపిల్లలు. ఎవరికి షేర్ నచ్చితే వాళ్లు లేచి అదబ్‌గా నజరానా ముందు పీర్ సాహెబ్ చేతికి తాకించి, తర్వాత ఖవ్వాల్ ముందు పెడతారు. ఇదంతా నేను చూసి చెప్పడం లేదు. అబ్బా చెప్పగా విన్నది. ఆడవాళ్లకు ఎడమ పక్కన కనాత్ కట్టేవాళ్లు. అవతల వేపచెట్టుకు ఒక కోన్ స్పీకర్, మా వైపు తిప్పి. మైకు సెట్ వాళ్లకు ఎకో అంటే ఎంత షౌక్ అంటే, ఒక మాట పూర్తయ్యేలోపు ముందు మాట తిరిగొచ్చి దాని నెత్తిన పడేది. మా చుట్టూ పిల్లల ఏడుపు, టీ గ్లాసుల చప్పుడు. ఎవరికైనా నిజంగా ఒక మిస్రా తగిలి "వాహ్" అన్నా ఆ గుడ్డ దాటి వెళ్లేది కాదు. అవతల ఏదో మిస్రా పదిసార్లు తిరిగేది. ఎందుకు తిరుగుతోందో మాకు తెలిసేది కాదు. అవతల ఎవరి తల ఊగిందో మాకు కనిపిస్తే కదా.

ఇప్పుడు చెప్పండి, అది లైవా? మేము దర్గాలో కూర్చుని కూడా స్పీకరే విన్నాం. అదీ చెడ్డ స్పీకరు.

మా అమ్మీకి ఖవ్వాలీ దొరికింది కుట్టుమిషన్ పక్కన. ఇంటి చుట్టుపక్కల వాళ్ల జాకెట్లు, పండగ ముందు సల్వార్లు కుట్టేది. మిషన్ పక్కన స్టూలు మీద టేప్‌రికార్డర్. నుస్రత్ ఫతే అలీ ఖాన్, సాబ్రీ బ్రదర్స్, మన హైదరాబాద్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ. ఎవరో గల్ఫ్ నుంచి తెచ్చినవి, ఎవరో కాపీ కొట్టి ఇచ్చినవి. మిషన్ తొక్కడం ఆపి, రివైండ్ నొక్కి, ఆ మిస్రా మళ్లీ. మళ్లీ రివైండ్, మళ్లీ అదే మిస్రా. ఒక్కోసారి ఆరేడుసార్లు. నాకు చిన్నప్పుడు విసుగొచ్చేది. ఇప్పుడు అనిపిస్తుంది, అమ్మీ చేస్తున్నది తక్రారే. మెహ్ఫిల్‌లో పీర్ సాహెబ్ తల ఊపితే జరిగే పని, వంటింటి పక్కన అమ్మీ వేలు నొక్కితే జరిగింది. నుస్రత్ అంతటివాడు ఆమె అడిగినన్నిసార్లు ఆమె అడిగిన మిస్రానే పాడాడు.

ఇంకోటి ఉంది. మన తెలుగు ముసల్మాన్ ఇళ్లలో ఉర్దూ మాట్లాడతాం కానీ చాలామందికి చదవడం రాదు. మాట్లాడేది కూడా దక్కనీ, సగం తెలుగు కలిసినది. ఖుస్రో ఫార్సీ కలాం ఒక్కసారి వింటే ఎవరికి అర్థమవుతుంది? అమ్మీ టేపు ఆపి, మాట పట్టుకుని, మా నానా దగ్గరికి వెళ్లి మానే అడిగేది. తర్వాత నోట్‌బుక్‌లో తెలుగు అక్షరాల్లో రాసుకునేది. నుక్తాలు లేవు, 'ఖ'కీ 'క'కీ తేడా లేదు, కానీ కలాం మొత్తం ఉంది, పక్కన అర్థం ఉంది. ఆ నోట్‌బుక్ ఇప్పుడు నా దగ్గరుంది. ఇరవై ఏళ్లు ఉర్స్ రాత్రులు సహన్‌లో కూర్చున్న మా మామూకి ఏ కలామూ మక్తా దాకా రాదు. రూహ్ దొరికింది సరే, లఫ్జ్‌లు దొరకలేదు. నాకు రికార్డింగ్ ఇష్టమనడానికి మొదటి కారణం ఇదే, లఫ్జ్. కలాం అనే మాటకు అర్థమే మాట కదా.

స్టూడియో చేసిన ఇంకో పని గురించి మన మగవాళ్లు ఎప్పుడూ మాట్లాడరు. ఆడగొంతు ఖవ్వాలీని ఊరూరికీ మోసుకెళ్లింది స్టూడియోనే. 1945లో వచ్చిన 'జీనత్' సినిమాలో ఒక ఖవ్వాలీ ఉంది. అంతా ఆడవాళ్లే పాడారు, నూర్‌జహాఁ, జోహ్రాబాయి అంబాలేవాలీ, కల్యాణి. తర్వాత షకీలా బానో భోపాలీ వచ్చింది. స్టేజి ఎక్కింది, రికార్డులు ఇచ్చింది, సినిమాల్లో కనిపించింది. ఆమె పాడినది దర్గా ఖవ్వాలీ కాదు, మహఫిలీ సరదా ఎక్కువ, నిజమే. ఆబిదా పర్వీన్ వేరే మర్తబా. ఆవిడ దర్గాల్లోనూ పాడింది, కానీ మా ఇళ్లలోకి వచ్చింది సీడీల్లోనే. మా ఊరి ఉర్స్‌లో ఒక ఆడమనిషి ఖవ్వాల్‌గా తఖ్త్ మీద కూర్చోవడం నేను ఇంతవరకూ చూడలేదు. మీ ఊళ్లో జరిగితే రాయండి, నాకు ఖుషీ.

స్టూడియోకి ఐబులు లేవని నేననను. పాత 78 రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకే అయిపోయేది. గంటసేపు సాగాల్సిన దాన్ని మూడు నిమిషాల్లో కుక్కితే తక్రార్ ఎక్కడ, గిరహ్ ఎక్కడ? ఆ ఇబ్బందిని చాలావరకు తీర్చింది క్యాసెట్. ఒక్కో వైపు ముప్పై, నలభై ఐదు నిమిషాలు. అజీజ్ మియాఁ కలాం ఒకటి దాదాపు రెండు గంటలు సాగుతుంది, క్యాసెట్ జమానా లేకపోతే అది మన దాకా వచ్చేది కాదు. ఇంకో ఐబు కత్తెర. 1990లో నుస్రత్ 'మస్త్ మస్త్' ఆల్బమ్ మైకేల్ బ్రూక్ అనే కెనడా సంగీతకారుడితో చేశారు. ఆయనకు భాష రాదు. గొంతును సాజ్‌లాగా కత్తిరించి అతికించేటప్పుడు కొన్ని చోట్ల మాట మధ్యలో తెగి మానే పోయింది. నుస్రత్ ఒప్పుకోలేదు, సరిచేయాల్సి వచ్చింది. ఇది తెలిసినప్పటి నుంచి ఆ ఆల్బమ్ నేను కొంచెం అనుమానంగానే వింటాను. కోక్ స్టూడియో మెరుపు కూడా నాకు అంతగా రుచించదు. డ్రమ్ములు, గిటార్ల మధ్య హమ్‌నవా చప్పట్లు ఎక్కడో దూరాన ఉంటాయి. అయినా మా అమ్మాయి ఖవ్వాలీ దారిలోకి వచ్చింది ఆ తలుపులోంచే. 2015లో ఆతిఫ్ అస్లమ్ పాడిన 'తాజ్‌దార్-ఎ-హరమ్' విని, ఇది అసలు ఎవరిది అని వెతుక్కుంటూ సాబ్రీ బ్రదర్స్ దగ్గరికి వెళ్లింది. అక్కడి నుంచి మా అమ్మీ నోట్‌బుక్ దగ్గరికి వచ్చింది.

పోయినవాళ్ల సంగతి కూడా ఉంది. నుస్రత్ 1997లో 48 ఏళ్లకే పోయారు. సాబ్రీల వారసుడు అమ్జద్ సాబ్రీని 2016 జూన్‌లో, రమజాన్ నెలలో, కరాచీలో కాల్చి చంపారు. రాహత్‌తో కలిసి ఆయన రికార్డు చేసిన ఖవ్వాలీ ఆ తర్వాత విడుదలైంది. ఎదురుగా కూర్చునే వినాలి అంటే వీళ్లను మా అమ్మాయి ఎక్కడ కూర్చుని వినాలి?

ఇంతవరకూ రికార్డింగ్ పక్షాన వకాల్తా పుచ్చుకున్నాను. కానీ మూడేళ్లుగా మా ఇంట్లో ఒక విషయం మారింది. నేను ఇది రాయడానికి అసలు వజహ్ అదే.

మా అమ్మాయికి పదిహేడేళ్లు. ఉర్స్ మెహ్ఫిల్‌కు వస్తానంటుంది. కనాత్ వెనక కాదు, ఖవ్వాల్ కనిపించే చోట. ఆమెకు వచ్చిన జవాబు ఏంటో తెలుసా? "ఎందుకమ్మా అంత రాత్రి, ఆ జనంలో? ఫోన్లో అన్నీ ఉన్నాయి కదా. హాయిగా ఇంట్లో విను." నిన్నటిదాకా రికార్డింగులో రూహ్ లేదన్న నోళ్లే ఈ మాట అంటున్నాయి! మగపిల్లాడికి రికార్డింగ్ నకిలీ, ఆడపిల్లకు మాత్రం అదే చాలు. మా అమ్మీ టేప్‌రికార్డర్‌ను నేను తలమీద పెట్టుకుంటాను. కానీ అదే టేప్‌రికార్డర్‌ను తలుపుకు అడ్డం పెట్టి, నువ్వు లోపలే ఉండు అంటే ఒప్పుకోను. నాకు రికార్డింగ్ ఇష్టం అన్నది నేను చెప్పాల్సిన మాట. నా బదులు ఇంకొకళ్లు చెబితే అది ఇష్టం కాదు, హుకుం.

అసలు మెహ్ఫిల్ అంటే ఏంటో నాకు ఒక్కసారి తెలిసింది. హైదరాబాద్‌లో ఒక హాల్లో టికెట్ ప్రోగ్రాం. దర్గా కాదు, కుర్చీలు, ఏసీ. మా మామూ లెక్కలో మకాన్ ఫెయిల్. కానీ ఆడవాళ్లు, మగవాళ్లు ఖాందాన్లతో వచ్చి కూర్చున్నారు. ఊళ్లో భార్యను సహన్‌లోకి రానివ్వని పెద్దమనుషులు కూడా అక్కడ బేగం పక్కనే కూర్చుని వింటున్నారు, టికెట్ కొంటే పర్దా రూల్స్ మారతాయేమో! నేను మూడో వరుసలో ఉన్నాను. ఖుస్రో కలాంలో అమ్మీ ఎక్కువసార్లు రివైండ్ చేసిన మిస్రా వచ్చింది. నా నోట్లోంచి "ఆహా" అని వచ్చేసింది, పెద్దగా కూడా కాదు. ఖవ్వాల్ నా వైపు చూశాడు. ఆ మిస్రానే మళ్లీ ఎత్తుకున్నాడు. మూడోసారి స్వరం మార్చాడు. నాలుగోసారి ఆ మిస్రాకి నేనెప్పుడూ వినని గిరహ్ వేశాడు. రివైండ్‌లో మిస్రా ప్రతిసారీ అలాగే వస్తుంది. ఇది ప్రతిసారీ వేరేగా వచ్చింది, నా కోసం వచ్చింది. నలభై దాటిన వయసులో మొదటిసారి నాకు తక్రార్ దక్కింది. అమ్మీకి అది దక్కకుండానే వెళ్లిపోయింది.

ఆ రాత్రి తర్వాత కూడా నేను వినేది ఎక్కువ రికార్డింగులే. లఫ్జ్ కోసం, తీరిక కోసం, పోయినవాళ్ల కోసం. కానీ మెహ్ఫిల్‌లో ఏమీ లేదని మాత్రం అనలేను. అందుకే మా అమ్మాయికి అది దక్కాలంటున్నాను.

అదబ్, పర్దా పోతాయని భయపడేవాళ్లకు ఒక మాట. ఢిల్లీ నిజాముద్దీన్ దర్గాలో జుమేరాత్ సాయంత్రం వెళ్లి చూడండి. మజార్ లోపలికి ఆడవాళ్లను పంపరు, కానీ ఖవ్వాలీ జరిగే సహన్‌లో ఆడవాళ్లు పిల్లలతో కూర్చుని వింటారు. ముంబై హాజీ అలీలో మజార్ దాకా వెళ్లడానికి ఆడవాళ్లు హైకోర్టు మెట్లెక్కి 2016లో తీర్పు తెచ్చుకోవాల్సి వచ్చింది. మన ఊరి దర్గాకు కోర్టులెందుకు? కనాత్‌ను పక్కకు కాకుండా వెనక్కి జరిపి, ఖవ్వాల్‌కు ఎదురుగా కుడివైపు సగం జాగా ఆడవాళ్లకు వదిలితే చాలు. మధ్యలో నడవ ఉంచండి. ఆ ఎకో తగ్గించమని మైకు వాళ్లకు కూడా చెప్పండి, అది మగవాళ్లకూ ఫాయిదానే.

దర్గాలో కుదరదంటే ఇంట్లో చేయండి. వలీమాకు డీజే వాడికి ఇచ్చే డబ్బుతో చిన్న ఖవ్వాల్ పార్టీని పిలవొచ్చు. ఈ ఖవ్వాల్‌ల హాలత్ గురించి కూడా కాస్త ఆలోచించండి. మనం ఫోన్లో ముఫ్త్‌గా వినే రికార్డింగ్ నుంచి ఊరి ఖవ్వాల్‌కు ఒక్క రూపాయి రాదు. ఆయనకు వచ్చేది నజరానా, అది మెహ్ఫిల్‌లోనే వస్తుంది. ఈ మధ్య కొన్ని ఊళ్లలో ఉర్స్‌కి పార్టీని పిలవడం మానేసి పెన్‌డ్రైవ్ పెట్టి స్పీకర్లలో వదులుతున్నారు. రికార్డింగ్ ఇష్టమన్న నాకే అది చూస్తే కడుపు మండుతుంది. ఇంట్లో ఒంటరిగా వినేవాళ్ల కోసం పుట్టిన వస్తువును తెచ్చి, ఐదొందల మంది మధ్య ఖవ్వాల్ కూర్చోవాల్సిన తఖ్త్ మీద పెడితే ఎలా? జనంలో సగం మంది ఆడవాళ్లు. వాళ్లను కూడా ముందు కూర్చోనిస్తే వినేవాళ్లు పెరుగుతారు, నజరానా పెరుగుతుంది, పార్టీని పిలవడానికి కమిటీకి చందా కూడా పెరుగుతుంది. ఈ హిసాబ్ అర్థం కావడానికి తసవ్వుఫ్ చదవక్కర్లేదు.

ఈసారి మా ఊరి గంధానికి ఇంకా నెలన్నర ఉంది. నేను, మా ఖాలా, మా వీధిలో ఇంకో పదకొండు మంది ఆడవాళ్లం సంతకాలు పెట్టి ఉర్స్ కమిటీ పెద్దలకు దరఖాస్తు ఇచ్చాం. "చూద్దాం ఆపా" అన్నారు. కాదనలేదు, అవుననలేదు. మా అమ్మాయి మాత్రం నానీ నోట్‌బుక్ ముందేసుకుని ఫర్మాయిష్ చీటీ రాసి పెట్టుకుంది, మూడు కలాంలు. మొదటి దాని పక్కన ఏ మిస్రా మీద "వాహ్" అనాలో కూడా గుర్తు పెట్టుకుంది.